వాగులో సొరపళ్లు: గట్టు తవ్వకండి, కంకర ఏరండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి వస్తే మన ఇళ్లలోంచి ఎందరో అమ్మానాన్నలు అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్తారు. జూన్ చివరికి అక్కడ మనవలకూ బడి అయిపోతుంది. కొడుకూ కోడలూ పనిలో మునిగిపోతే తాతా మనవడూ పగలంతా టీవీ ముందే గడపాల్సి వస్తుంది. న్యూజెర్సీలో ఉండేవాళ్లకు అంతకన్నా మంచి వ్యాపకం దగ్గర్లోనే ఉంది. మాన్మత్ కౌంటీలో కోల్ట్స్‌నెక్, మార్ల్‌బరో ఊళ్ల దగ్గర బిగ్ బ్రూక్ అనే చిన్న వాగు పారుతుంది. అందులో దాదాపు 7 కోట్ల ఏళ్ల కిందటి సొరచేపల పళ్లు దొరుకుతాయి. నేనుండే ఎడిసన్ ఊరి నుంచి ముప్పావుగంట కారు ప్రయాణం.

మనవాళ్లు అక్కడికి వెళ్లడం చాలా సంతోషం. బాధ ఏమిటంటే, పార పట్టుకుని వెళ్లి గట్టు తవ్వేవాళ్లు ఎక్కువవుతున్నారు. అది నిబంధనలకు విరుద్ధం. తవ్విన గట్టు తర్వాతి వానకు చెట్టుతో సహా వాగులో కూలుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అది వృథా శ్రమ. ఎందుకు వృథానో, పళ్లు నిజంగా ఎక్కడుంటాయో మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం.

డైనోసార్లు తిరిగిన క్రెటేషియస్ యుగం చివర్లో ఆ ప్రాంతం లోతులేని సముద్రం. సొరచేపకు పళ్లు వరసలు వరసలుగా పుడుతూనే ఉంటాయి. ముందు వరస ఊడితే వెనక వరస ముందుకు జరుగుతుంది. ఒక్కో చేప బతికినంత కాలంలో వేల పళ్లు రాలుస్తుంది. మన కోస్తాలో బాలింతలకు పాలసొర వండిపెట్టే ఇళ్లలో అందరికీ తెలుసు, దాని లోపల గట్టి ఎముక ఉండదు, మెత్తటి మృదులాస్థే. అందుకే చేప మొత్తం కుళ్లిపోయి పన్ను మాత్రం మిగులుతుంది. అలా రాలిన పళ్లు సముద్రం అడుగున ఆకుపచ్చని ఇసుకమట్టిలో కూరుకుపోయాయి. ఆ మట్టినే అక్కడ మార్ల్ అంటారు. 19వ శతాబ్దంలో రైతులు దాన్ని తవ్వి పొలాలకు ఎరువుగా చల్లుకునేవారు. మార్ల్‌బరో ఊరికి ఆ పేరు వచ్చింది అందుకే.

ఇప్పుడు వాగు ఆ పొరలను కోసుకుంటూ పారుతోంది. వాన పడ్డప్పుడల్లా కొంత మట్టి జారి నీళ్లలో పడుతుంది. సన్నటి ఒండ్రు కొట్టుకుపోతుంది, బరువైన గులకరాళ్లూ పళ్లూ కంకరలో నిలుస్తాయి. అంటే రైతు కళ్లంలో చేసే పనిని ఇక్కడ వాగే చేసిపెట్టింది. తాలు పోయింది, గింజ మిగిలింది. గట్టు తవ్వేవాడు ఆ తూర్పారబట్టిన గింజను వదిలేసి మళ్లీ కళ్లం మీది గడ్డిలో వెతుకుతున్నట్టు. గట్టులో బుట్టెడు బంకమట్టి తవ్వినా ఒక్క పన్ను కనబడకపోవచ్చు. వాగు నడుమ కంకరలో నాలుగు తాపీలు తీస్తే కనబడే అవకాశం ఎన్నో రెట్లు.

నిబంధనలు కొద్దే, కానీ ఖచ్చితమైనవి. జల్లెడ 18 అంగుళాలకు 18 అంగుళాలు మించకూడదు. చేతి తాపీ తప్ప వేరే పనిముట్టు వద్దు, దాని రేకు 6 అంగుళాలు దాటకూడదు. గట్టు ముట్టుకోకూడదు, వాగు అడుగున ఉన్న కంకరలోనే వెతకాలి. మనిషికి రోజుకు 5 శిలాజాలు మించి తీసుకెళ్లకూడదు. బయల్దేరే ముందు పార్కు వాళ్ల తాజా నిబంధనలు చూసుకోండి, అక్కడి బోర్డు కూడా చదవండి. అయిదే అన్నారని నొచ్చుకోవద్దు. రోజంతా ఏరినవి ఒక డబ్బాలో వేసుకుని, వచ్చేముందు ఒడ్డున కూర్చుని మంచివి అయిదు ఉంచుకుని మిగతావి నీళ్లలో వదిలేస్తే, ఇంటికి చేరేది మేలైన సరుకే.

జల్లెడ కొనక్కర్లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు. ముప్పావు అంగుళం మందం, రెండున్నర అంగుళాల వెడల్పు ఉన్న చెక్కపట్టీలు తీసుకుని 16 అంగుళాలవి రెండు, 14.5 అంగుళాలవి రెండు కోయండి. కలిపితే పైకొలత సరిగ్గా 16 అంగుళాల చదరం వస్తుంది, నిబంధనలోపే ఉంటుంది. మూలకు రెండేసి స్క్రూలు. ముందు డ్రిల్‌తో చిల్లు పెట్టకపోతే మెత్తటి పైన్ చెక్క చివర చీలిపోతుంది. అడుగున పావు అంగుళం కన్నున్న, జింకు పూసిన ఇనుప వల బిగించాలి. అమెరికా షాపుల్లో దాన్ని హార్డ్‌వేర్ క్లాత్ అంటారు, పేరులో క్లాత్ ఉన్నా అది తీగే. అంగుళంన్నరకొక స్టేపుల్ కొట్టండి. చాలామంది అక్కడితో ఆపేస్తారు, రెండో రోజుకల్లా తడికంకర బరువుకు స్టేపుళ్లు ఊడి వల వేలాడుతుంది. వల అంచుల మీద సన్నటి చెక్కబద్దలు పరిచి స్క్రూలతో బిగిస్తే ఊడదు, తెగిన తీగమొనలు పిల్లల వేళ్లకు గుచ్చుకోవు.

దోమల జాలీ పనికిరాదు. కన్ను మరీ సన్నం, బంకమట్టితో ఒక్క నిమిషంలో మూసుకుపోతుంది. పావు అంగుళం కంటే చిన్న పళ్లు కూడా కావాలనుకుంటే ఎనిమిదో వంతు అంగుళం కన్నుతో మరొకటి చేసి మొదటిదాని కింద పెట్టుకోవచ్చు, కానీ పని మూడింతలు అవుతుంది. చిన్నపిల్లలకు వంటింటి చిల్లుల గిన్నె ఇచ్చినా సరిపోతుంది.

ఎక్కడ తీయాలి అన్నదే అసలు విద్య. నీటి వేగం తగ్గేచోట బరువైనవి దిగుతాయి. వాగు వంపు తిరిగితే లోపలివైపు కంకర మేట వేస్తుంది, అక్కడ. అడ్డంగా పడ్డ చెట్టుమొద్దు దిగువన, పెద్ద రాయి వెనక నీడలో. ఉత్త ఇసుక ఉన్నచోట కాలం వృథా చేయకండి. చింతగింజ నుంచి ఉసిరికాయ దాకా రకరకాల సైజు రాళ్లు కలిసి ఉన్న కంకర కావాలి. ఆ కంకరలో కూడా పైపొర కన్నా అడుగుపొర మేలు. తాపీతో దించుతూ పోతే కిందెక్కడో గట్టి బంకమట్టి తగులుతుంది. దానిని ఆనుకుని ఉన్న రెండు మూడు అంగుళాల కంకరలోనే బరువైనవన్నీ చేరి ఉంటాయి. బంకమట్టి తగలగానే ఆపేయండి. అక్కడి నుంచి కిందికి తవ్వడం, గట్టు తవ్వడం ఒకటే.

జల్లెడలో అయిదారు తాపీల కంకర చాలు, తడి బరువు మూడు కిలోల దాకా ఉంటుంది. నిండుగా పోస్తే నడుము నొప్పి మిగులుతుంది తప్ప, కింది రాళ్లు కనబడవు. జల్లెడను అంచుల దాకా నీళ్లలో ముంచి, చేటలో బియ్యం చెరిగినట్టు కాక, పక్కలకు ఆడించండి. ఎగరేస్తే సన్నపళ్లు అంచు దాటి పోతాయి. మబ్బులాంటి బురద పోయి నీళ్లు తేటపడే దాకా ఆపొద్దు. బురద పూసుకున్న పన్ను, బురద పూసుకున్న రాయి ఒకేలా ఉంటాయి. తొందరపడి పైకెత్తేవాళ్లు పారబోసేది ఈ దశలోనే.

తేటపడ్డాక ఎండ భుజం మీంచి పడేలా నిలబడండి. జల్లెడను కాస్త అటూ ఇటూ వంచండి. రాయి మీద వెలుగు చెదురుతుంది. పన్ను మీది ఎనామిల్ గాజుపూసలా ఒక్కసారి తళుక్కుమంటుంది. రంగు కోసం చూడకండి, ఆ తళుకు కోసం, రెండువైపులా సమానంగా ఉన్న ఆకారం కోసం చూడండి. నీటి మీది మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు వాగు అడుగు చూడటానికి బాగుంటాయి కానీ, జల్లెడ చూసేటప్పుడు తీసేయాలి. అవి ఆ తళుకునూ తగ్గిస్తాయి. జల్లెడను ఒక మూల నుంచి మొదలుపెట్టి వరసగా చూడాలి. అక్కడొకటి ఇక్కడొకటి చూస్తే చూసిందే మళ్లీ చూస్తాం. చూడటం అయ్యాక మిగిలిన కంకరను తీసిన గుంటలోనే పోయండి. లేకపోతే వెనక వచ్చే పిల్లల కాలు ఆ గుంటలో దిగబడుతుంది.

ఈ పనిలో అమ్మమ్మలూ నాన్నమ్మలూ అందరికన్నా ముందుంటారని చెప్పగలను. యాభై ఏళ్లు బియ్యంలో రాళ్లు ఏరిన కళ్లకు, రాళ్లలో పన్ను ఏరడం కొత్త పని కాదు. వాళ్లు నీళ్లలో దిగక్కర్లేదు. ఒడ్డున మడతకుర్చీ వేసి, కడిగిన కంకర తెల్లటి ట్రేలో పోసి ఇస్తే చాలు.

దొరికే రకాల్లో రెండు మూడు గుర్తుపడితే మిగతావి వాటంతట అవే తెలుస్తాయి. ఎక్కువగా దొరికేది గాబ్లిన్ సొర పన్ను, శాస్త్రనామం స్కపానోరింకస్. అరచేతిలో పెట్టి చూడండి. దబ్బనంలా పొడుగ్గా సన్నగా ఉండి, పక్కనుంచి చూస్తే ఎస్ అక్షరంలా కొద్దిగా వంగి ఉంటుంది. ఒకవైపు చదునుగా నున్నగా ఉంటుంది; అది పెదవి వైపు. రెండోవైపు ఉబ్బెత్తుగా ఉండి, దాని మీద తాటాకు ఈనెల్లాంటి సన్నగీతలు మొన వైపు సాగుతాయి. అది నాలుక వైపు. గోరు ఆనిస్తే ఆ గీతలు తెలుస్తాయి. అడుగున వేరు పంగలకర్రలా చీలి ఉంటుంది. మొన, రెండు పంగలూ విరక్కుండా దొరకడం అరుదు. సాధారణంగా ఒక అంగుళం, మరీ పెద్దవైతే రెండు అంగుళాల దాకా ఉంటాయి. కాకిసొర, అంటే స్క్వాలికోరాక్స్ పన్ను, వేరే తీరు: పొట్టిగా, వెడల్పుగా, ఒకపక్కకు ఒరిగి, అంచుల పొడవునా కక్కులు పెట్టిన కొడవలిలా ఉంటుంది. భూతద్దం తీసుకెళ్తే ఆ కక్కులు లెక్కపెట్టవచ్చు. ప్రధాన మొనకు రెండువైపులా చిన్న మొనలున్న త్రికోణపు పళ్లు క్రెటోలామ్నావి. రంపపు చేపను పోలిన ఇస్కిరైజా అనే టేకుజాతి చేప ముక్కు ముళ్లు, ఎంకోడస్ అనే చేప కోరలు కూడా తరచూ వస్తాయి. అవి సొరపళ్లు కావు, కానీ అయిదింటి లెక్కలోకి వస్తాయి.

మోసపోయే వస్తువులు కూడా ఉన్నాయి. ఇనుపరాతి ముక్కలు నల్లగా త్రికోణంగా విరుగుతాయి, కానీ వాటికి వేరు, ఎనామిల్ మధ్య గీత ఉండదు. తేనెరంగులో తూటాలా ఉండేవి బెలెమ్నైట్లు. స్క్విడ్ లాంటి సముద్రజీవి లోపలి గట్టిభాగాలు. విరిగిన చివర చూస్తే నడుమ నుంచి అంచుకు సైకిల్ చక్రం పుల్లల్లా గీతలు కనిపిస్తాయి. అవి కూడా శిలాజాలే, పారేయకండి.

ఒక అపోహ. యూట్యూబులో చూసి పిల్లలు మెగలొడాన్ అనే భారీ సొర పన్ను కోసం వెళ్తారు. బిగ్ బ్రూక్‌లో అది దొరకదు. ఈ పొరలు 7 కోట్ల ఏళ్లవి. మెగలొడాన్ ఉన్నది సుమారు 2.3 కోట్ల ఏళ్ల నుంచి 36 లక్షల ఏళ్ల కిందటి దాకా. ఈ పళ్లు రాలినప్పుడు ఒడ్డు మీద డైనోసార్లు తిరుగుతున్నాయి. చెప్పుకోదగ్గంత అస్థిపంజరంతో బయటపడిన తొలి డైనోసార్లలో ఒకటైన హాడ్రోసారస్ 1858లో దొరికింది ఈ న్యూజెర్సీలోనే, హాడన్‌ఫీల్డ్ ఊళ్లో. పిల్లలకు ఈ మాట చెబితే మెగలొడాన్ దిగులు తీరుతుంది. వాగులో పెద్ద ఎముక ఏదైనా కనబడితే మాత్రం పీకకండి. ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని ట్రెంటన్‌లోని న్యూజెర్సీ స్టేట్ మ్యూజియంకు తెలియజేయండి.

రంగు గురించి కూడా తప్పుగా అనుకుంటారు. నల్లపన్ను పాతది, గోధుమరంగుది కొత్తది అనుకోవడం సరికాదు. ఏ మట్టిలో ఉంటే ఆ మట్టిలోని ఖనిజాల రంగే పన్నుకు పడుతుంది. రంగు చోటును చెబుతుంది, వయసును చెప్పదు.

మామూలుగా వాగు మోకాలి లోపే ఉంటుంది. ఉరుములతో వాన పడితే మాత్రం గంటలో పొంగుతుంది. వాన వెలిశాక ఒకటి రెండు రోజులు ఆగి, నీళ్లు తేటబడ్డాక వెళ్తే కొత్త కంకర తేలి ఉంటుంది. అదే అన్నిటికన్నా మంచి సమయం. చెప్పులతో దిగకండి, బంకమట్టి వాటిని లాగేసుకుంటుంది, పైగా గాజుపెంకులుంటాయి. వేళ్లు మూసి ఉండే పాత బూట్లు వేసుకోండి. ఒడ్డున మూడేసి ఆకులుగా పెరిగే పాయిజన్ ఐవీని తాకితే వారాల తరబడి దద్దుర్లు వేధిస్తాయి. తగిలిందనిపిస్తే వెంటనే సబ్బుతో కడగాలి. అన్నిటికన్నా పెద్ద భయం జింకల మీదుండే పిడుదులు. వాటి కాటుతో లైమ్ జ్వరం వస్తుంది. పొడుగు మేజోళ్లలోకి ప్యాంటు దోపుకుని, ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, నడుము చుట్టూ, జుట్టు మొదళ్లలో ఒకరికొకరు వెతకండి. పెద్దవాళ్లు తమ వీపు తాము చూసుకోలేరు, పిల్లలే చూడాలి. చేతులు కడగకుండా పులిహోర డబ్బా తెరవకండి, ఆ వాగులోకి పొలాల నీళ్లూ రోడ్ల నీళ్లూ వచ్చి చేరతాయి.

ఇంటికొచ్చాక మామూలు నీళ్లలో రాత్రంతా నానబెట్టి మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. వెనిగర్, నిమ్మరసం, చింతపండు వద్దే వద్దు. ఇత్తడి చెంబు తోమినట్టు పన్నును తోమితే ఆమ్లం వేరును తినేస్తుంది. బ్లీచ్ కూడా వద్దు. ఎండలో ఆరబెడితే పగుళ్లు వస్తాయి, నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. వేరు పొడిపొడిగా రాలుతుంటే ఫెవికాల్, సూపర్ గ్లూ పూయకండి. పారలాయిడ్ బి-72 అనే గుళికలు దొరుకుతాయి, మ్యూజియంల వాళ్లు వాడేది అదే. 5 గ్రాములను 100 మిల్లీలీటర్ల అసిటోన్‌లో కరిగించి, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా, సన్నటి కుంచెతో పూయాలి. కావాలంటే తర్వాత అసిటోన్‌తోనే తీసేయవచ్చు. సూపర్ గ్లూను అంత తేలిగ్గా వదిలించలేం.

ఆ పన్ను ఎక్కడిదో రాసి పెట్టుకోవడం చాలామంది మరిచిపోతారు. తేదీ, వాగు పేరు, ఏ వంతెనకు ఎగువనో దిగువనో ఎన్ని అడుగుల దూరం, ఎవరికి దొరికింది. ఈ నాలుగూ చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి, పన్నుతోపాటు జిప్ కవర్లో వేయండి. పెన్ను సిరా చెమ్మకు చెదిరిపోతుంది. వారం రోజుల మాత్రలు పెట్టుకునే ఏడు గళ్ల డబ్బా దీనికి బాగా పనికొస్తుంది, గడికొకటి. దూది మాత్రం పెట్టవద్దు, వేరు పంగలు దాని పోగుల్లో చిక్కుకుని తీసేటప్పుడు విరుగుతాయి. 1666లో ఇటలీలోని లివోర్నో రేవు దగ్గర పట్టిన పెద్ద సొరచేప తలను కోసి, కొండల్లో దొరికే "నాలుక రాళ్లు" ఆ చేప పళ్లలాంటివేనని డెన్మార్క్ శాస్త్రవేత్త నికొలస్ స్టెనో గ్రహించాడు. అంతకుముందు అవి ఆకాశం నుంచి పడ్డాయని నమ్మేవారు. రాయి ఏ పొరలోదన్న ప్రశ్న వేసినందుకే ఆయన నేలపొరల శాస్త్రానికి పునాది వేయగలిగాడు.

వేరే ఊళ్లలో ఉన్నవాళ్లకు క్లుప్తంగా. డాలస్ వైపు ఉంటే షెర్మన్‌లోని పోస్ట్ ఓక్ క్రీక్‌లో క్రెటేషియస్ పళ్లే దొరుకుతాయి. గవ్వలు నమిలే టైకోడస్ సొర పన్ను అక్కడి ప్రత్యేకత, రోలు అడుగులా గీతలు పడి ఉంటుంది. మేరీలాండ్‌లో కాల్వర్ట్ క్లిఫ్స్ స్టేట్ పార్కులో కారు ఆపి 1.8 మైళ్లు నడిస్తే సముద్రపు ఒడ్డు వస్తుంది. అక్కడ మెగలొడాన్ ఆశ పెట్టుకోవచ్చు. కొండచరియ కిందికి మాత్రం వెళ్లకండి; అది కూలుతూ ఉంటుంది, అక్కడికి ప్రవేశం నిషేధం. ఫ్లోరిడాలో వెనిస్ ఒడ్డున అలలే పళ్లు తెచ్చిపెడతాయి. పీస్ నదిలో అయితే నీళ్లు తగ్గే శీతాకాలంలో వెతకాలి. ఆ రాష్ట్ర భూముల్లో సొరపళ్లకు అనుమతి అక్కర్లేదు. ఎముకల్లాంటి మిగతా వెన్నెముక జీవుల శిలాజాలకు ఫ్లోరిడా మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ ఇచ్చే పర్మిట్ కావాలి, ఏడాదికి 5 డాలర్లు. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ దగ్గర షార్క్‌టూత్ హిల్ వైపు డబ్బు కట్టి తవ్వే చోట్లున్నాయి. అక్కడి దుమ్ములో వ్యాలీ ఫీవర్ కలిగించే శిలీంధ్రం ఉంటుంది కాబట్టి మంచి మాస్కు లేకుండా వెళ్లకూడదు. నేషనల్ పార్కుల్లో ఎక్కడా, ఏ శిలాజమూ తీయకూడదు.

మన భీమిలి ఒడ్డున ఇవి ఎందుకు దొరకవని కొందరు అడుగుతారు. విశాఖ కొండలు ఖొండలైట్ రాతివి. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రాయి అది, అందులో శిలాజం మిగలదు. మన దగ్గర చూడాల్సింది వేరే చోట: తెలంగాణలో ఆసిఫాబాద్ దగ్గర దక్కన్ లావాతో ముడిపడిన పొరల్లో, సొరకు దగ్గరి చుట్టమైన టేకు చేప పళ్లు పరిశోధకులకు దొరికాయి. సొరపళ్లకైతే తమిళనాడులో అరియలూరు ప్రాంతం, గుజరాత్‌లో కచ్, ఒడిశాలో బారిపదా పేరున్నవి. అలాంటి చోట ఏదైనా కనబడితే ఏరుకోకుండా ఫొటో, చోటు వివరం జియలాజికల్ సర్వే వారికో, దగ్గర్లోని విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగానికో పంపడం మేలు.

ప్రయాణాలు మేలో మొదలవుతాయి కాబట్టి, ఈ ఉత్తరాన్ని ఏప్రిల్‌లోనే ప్రచురించమని మనవి. మన ఊళ్ల నుంచి ఏమీ మోసుకెళ్లక్కర్లేదు, భూతద్దం ఒక్కటి పెట్టెలో వేసుకుంటే చాలు. వలా చెక్కా అక్కడే దొరుకుతాయి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు
ఎడిసన్, న్యూజెర్సీ